రాలే ఆకు చెట్టుకు అప్పగించేది

(ఖుర్దా రోడ్డు తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము అయినది. పచ్చడి తిన్నాము. ఇటువంటి సమయములో ఒక కవిగారు లేచి నాలుగు పద్యములు చదివితే సభకు నిండుగా వుంటుంది. అట్లా కాక, రైల్వే స్టోర్సు ఆఫీసులో గుమాస్తా పని చేసుకొనే మమ్మల్ని నిలబెట్టి శాస్త్ర విషయము చెప్పమన్నారు. మా చదువు మెట్రిక్యులేషను దగ్గర ఆగినది. కాబట్టి మేము చెప్పేదానిలో పాండిత్యము వెదకవద్దని ముందుగా మనవి చేస్తున్నాము. మన కాలనీలోనే వృక్షశాస్త్రము బోధించి విశ్రాంతి తీసుకొంటున్న ఒక మాస్టరుగారు వున్నారు. ఆయన అరుగు మీద కూర్చుని, ఆయన ఓపికను పరీక్షించి, మేము తెలుసుకొన్నదే ఇది.

గుమాస్తాకు ఈ సంగతులతో ఏమి పని అని మీరు అడగవచ్చును. ఆ పని మా ఇంటిలోనే పడినది. రెండేళ్ళ క్రిందట కార్తిక మాసములో మా నాన్నగారికి ఎవరో ఫోనులో ఒక సందేశము పంపించారు. జపాను దేశపు శాస్త్రజ్ఞుడు ఒకరు ఉపవాసము మీద పరిశోధన చేసి నోబెల్ బహుమతి పొందినారనీ, మూడు రోజులు అన్నము మానితే ఒంటిలోని చెడ్డ కణములను మంచి కణములు తినివేస్తాయనీ, చక్కెర వ్యాధి సయితము పోతుందనీ దానిలో వ్రాసి వున్నది. మా నాన్నగారు పట్టాల మీద ముప్పది ఏండ్లు పని చేసిన మనిషి. ఏదైనా పట్టితే విడువరు. ఏకాదశి ఉపవాసము ద్వాదశికి కూడ సాగించారు. అన్నము మానారు గాని, చక్కెర తగ్గించే మాత్రలు మాత్రము వేళకు వేసుకొన్నారు. రెండవనాడు ఉదయము ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. మమ్మల్ని చూచి, “ఎవరు బాబూ నువ్వు?” అని అడిగారు. మింగగలిగినంత తెలివి వున్నది గనుక మా అమ్మ పంచదార నీరు త్రాగించినది. ఆసుపత్రికి తీసుకొనిపోయినాము. భగవంతుని దయవల్ల సాయంత్రానికి కోలుకొన్నారు. ఈ పూట ఆయన రెండవ వరుసలోనే కూర్చుని వున్నారు. ఈ సంగతి చెప్పడానికి ఆయన అనుమతి తీసుకొన్నాము.

ఇంటికి వచ్చిన తరువాత ఆయన మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు: “అయితే ఆ జపానాయన చెప్పినది అబద్ధమా?” మాకు సమాధానము తెలియలేదు. తెలుసుకొందామని బయలుదేరితే ఆ దారి మనుష్యుల దగ్గర కాక, మొక్కల దగ్గర మొదలైనది. అక్కడనుండే చెపుతాము.

మా క్వార్టరు ముందు ఒక వేపచెట్టు వున్నది. ఈనాటి పచ్చడిలో పువ్వు దానిదే. ప్రతి ఏడూ మాఘ ఫాల్గుణములలో దాని ఆకులు పసుపు పారి రాలుతాయి. నెల తిరగకముందే రాగిరంగు చిగురు, వెంటనే పూత. మా అమ్మాయి ఒకనాడు, “నాన్నా, ఆకు పచ్చగా వుండగానే చెట్టు ఎందుకు పారవేయదు? పసుపు అయ్యేదాకా ఎందుకు ఆగుతుంది?” అని అడిగినది. చిన్నపిల్ల ప్రశ్న అని మేము అప్పుడు నవ్వినాము. అసలు ప్రశ్న అదేనని తరువాత తెలిసినది.

ఆకు పసుపు అవడమంటే కేవలము ఎండిపోవడము కాదు. ఆ రోజులలో చెట్టు ఆ ఆకులో పెట్టిన పెట్టుబడిని వెనుకకు తీసుకొంటుంది. ముఖ్యముగా నత్రజనిని, భాస్వరమును. చెట్లు అన్నీ ఒక్క తీరుగా చేయవు గాని, మొత్తము మీద ఆకులోని నత్రజనిలో సుమారు సగము రాలకముందే కొమ్మలలోనికి చేరుతుందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. సున్నము వంటి ఖనిజము మాత్రము వెనుకకు రాదు. అది ఆకుతోనే రాలుతుంది. పచ్చి ఆకును పారవేస్తే ఆస్తిని పారవేసినట్లే గనుక, చెట్టు లెక్క చూచుకొని, తీసుకొనవలసినది తీసుకొని, అప్పుడు తొడిమ దగ్గర తెంపుకొంటుంది. ఇక ఆకులో కట్టుబడి వున్న వస్తువును విప్పడము ఎట్లా? ఆ పనికి ఒక సాధనము కావలెను గదా. మన విషయము ఇదే.

పిల్లలకు తెలిసినదే అయినా చెపుతాము. మొక్క అయినా మనిషి అయినా కణములతో కట్టినది. 1665 లో ఇంగ్లండులో రాబర్టు హుక్ అనే ఆయన బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూచి, చిన్న చిన్న గదులు కనబడితే వాటికి ఆ పేరు పెట్టినారు. ఉల్లిపొర తీసి బడిలోని సూక్ష్మదర్శిని క్రింద పెట్టి చూస్తే ఇటుకల గోడవలె కణములు కనబడతాయి. ఎదిగిన మొక్క కణములో మధ్యగా ఒక పెద్ద నీటి తిత్తి వుంటుంది. పాఠ్యపుస్తకములలో దీనిని రిక్తిక అన్నారు. రిక్తము అంటే ఖాళీ. కాని అది ఖాళీ కాదు. కణము చోటులో నూటికి ఎనభై, తొంభై వంతులదాకా అదే ఆక్రమిస్తుంది. దానిలోని పులిసిన నీటిలో, వస్తువులను ముక్కలు చేసి కరిగించే ఎంజైములు వున్నవి. కణమునకు అది గిడ్డంగి, అదే విరుగుడు కొట్టము కూడా.

మాకు తెలిసిన స్టోర్సు పనితో పోల్చి చెపుతాము. మెయిను లైనులో అరిగిన పట్టాలు తీసివేసినప్పుడు మేము వాటిని పొలములో పారవేయము. లెక్క వ్రాసుకొని యార్డుకు చేరుస్తాము. బాగున్నవి సైడింగులో మళ్ళీ వేస్తారు. పనికిరానివి తుక్కుగా కరగడానికి పోతాయి. కణములో జరిగేది ఆ రెండవ పద్ధతి. కణములో ముదిరినదో, చెడినదో, ఇప్పటి అవసరమునకు మించినదో ఒక భాగము వున్నదనుకొందాము. దాని ప్రక్కన సన్నని పొర ఒకటి పుట్టి, దోసిలివలె వంగి, ఆ భాగమును చుట్టుకొని, అంచులు కలిపివేస్తుంది. అప్పుడది రెండు పొరల సంచి అవుతుంది. దాని అడ్డుకొలత సుమారుగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఆ సంచి రిక్తిక దగ్గరకు చేరి, తన పై పొరను రిక్తిక పొరలో కలిపివేస్తుంది. లోపలి సంచి సరుకుతో సహా లోనికి జారుతుంది. అక్కడ ఎంజైములు దానిని విప్పుతాయి. మాంసకృత్తులు అమైనో ఆమ్లములుగా విడిపోతాయి. అవి మళ్ళీ బయటకు వచ్చి, కొత్త నిర్మాణమునకో, శక్తి కొరకో ఖర్చవుతాయి. లేదా కాండము దారిన చిగురుకు, గింజకు ప్రయాణము చేస్తాయి.

దీనికి ఆటోఫజీ అని పేరు. గ్రీకు మాటలను బట్టి తనను తాను తినడమని అర్థము. మన భాషలో స్వభక్షణము అనవచ్చును. ఈ పేరు 1963 లో పెట్టినవారు బెల్జియము శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ డి డూవ్. ఆయనకు కణ నిర్మాణము గురించిన పరిశోధనలకు 1974 లో నోబెల్ బహుమతి భాగము వచ్చినది. అయితే సంచులు కనబడినవే గాని, వాటిని నడిపే యంత్రాంగము ఏమిటో చాల ఏండ్లు తెలియలేదు.

ఇక మా నాన్నగారు అడిగిన జపానాయన సంగతి. ఆయన పేరు యోషినోరి ఓసుమి. 1945 లో పుట్టినారు. 1988 లో, నలభై మూడేండ్ల వయస్సులో, టోక్యో విశ్వవిద్యాలయములో సొంతముగా ఒక చిన్న పరిశోధనశాల పెట్టుకొన్నారు. ఆయన పరీక్షించినది మనుష్యులను కాదు, పిండి పులియబెట్టే ఈస్టును. ఈస్టు కణమునకు కూడ రిక్తిక వున్నది. లోపలికి పోయిన సరుకు వెంటనే కరిగిపోతే చూడడానికి ఏమీ మిగలదు గదా. అందుకని కరిగించే ఎంజైములు లేని ఈస్టును తీసుకొని, దానికి నత్రజని ఆహారము ఆపి, సూక్ష్మదర్శినిలో చూచినారు. కొద్ది గంటలలోనే రిక్తిక నిండా గుండ్రని సంచులు చేరి కదలాడుతూ కనబడినవి. తుక్కు కొలిమి ఆపివేస్తే యార్డులో వ్యాగనులు పేరుకొన్నట్లు. ఈ సంగతి 1992 లో ప్రకటించారు. 1993 లో, ఈ పనికి అవసరమైన 15 జన్యువులను ఆయన, ఆయన శిష్యురాలు కలిసి గుర్తించారు. 2016 లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చినది. బహుమతి ఇచ్చినది ఈ యంత్రాంగమును కనిపెట్టినందుకు. ఉపవాస చికిత్స కొరకు కాదు.

ఈస్టులో దొరికిన జన్యువుల వంటివే మొక్కలలోను వున్నవి. ఆవ కుటుంబములో అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్క వున్నది. దాని జన్యు పటము 2000 సంవత్సరములో పూర్తి అయినది గనుక శాస్త్రజ్ఞులకు అది చేతివాటపు మొక్క. 2002 లో జపానులోను, అమెరికాలోను వేరువేరుగా, ఈ సంచులు కట్టే జన్యువులలో ఒకటి పనిచేయని మొక్కలను పెంచి చూచినారు. నీరు, ఎరువు, వెలుతురు సమృద్ధిగా వున్నప్పుడు ఆ మొక్కలు దాదాపు మామూలుగానే పెరిగినవి. లోపము పైకి తెలియలేదు. నత్రజని తగ్గించినప్పుడు, చీకటిలో పెట్టినప్పుడు బయటపడినది. మామూలు మొక్కలు ఆ కష్టమునకు ఓర్చుకొన్నవి, ఇవి ఓర్వలేకపోయినవి.

ఇక్కడ మమ్మల్ని ఆశ్చర్యపరచిన సంగతి ఒకటి వున్నది. తనను తాను తినే పని ఆగిపోతే ఆకు ఎక్కువ రోజులు పచ్చగా వుండవలెనని మేము అనుకొన్నాము. మాస్టరుగారు నవ్వి, “తలక్రిందులు” అన్నారు. ఆ మొక్కల ఆకులు ముందుగానే పసుపు పారినవి. దానికి ఒక కారణము 2009 లో జపాను పరిశోధకులు చూపించారు. ఈ శుభ్రపరచే పని లేనప్పుడు సాలిసిలిక్ ఆమ్లమనే ఒక సంకేత ద్రవ్యము ఆకులో మితిమీరి పనిచేస్తుంది. అది తెగులు వచ్చినప్పుడు మొక్క మ్రోగించే గంట వంటిది. గంట ఆగకుండా మ్రోగితే కణములు ముందుగానే చావడానికి సిద్ధపడతాయి. ఆ ఆమ్లమును తగ్గిస్తే ఆకు ముందుగా ముదరడము కూడ తగ్గినది. అనగా స్వభక్షణము పేరుకు తిండి అయినా, చాలవరకు కణమును నిలబెట్టే పనియే.

రైతు బిడ్డలకు పనికివచ్చే భాగము ఇప్పుడు వస్తుంది. ఆకులోని నత్రజనిలో నూటికి డెబ్బది, ఎనభై వంతులు హరితరేణువులలో వున్నది. వాటిలో రుబిస్కో అనే మాంసకృత్తు వున్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టి చక్కెరగా మలచే పనిలో మొదటి మెట్టు అదే. ఆకులోని మాంసకృత్తులన్నిటిలోను రాశి దానిదే. ఆకు ముదిరేటప్పుడు హరితరేణువు అంచు చిన్న మొగ్గలుగా తెగి, రుబిస్కోను నింపుకొని, ఆ సంచుల దారిన రిక్తికలోనికి పోతుంది. ఈ మొగ్గలను మొదట గోధుమ ఆకులలో 2003 లో గుర్తించారు. చీకటిలో చాల రోజులు వున్న ఆకులో మొత్తము హరితరేణువే లోనికి పోవడము కూడ 2009 లో చూచినారు. ఆకును విప్పే పనివాళ్ళు ఇంకను వేరే వున్నారు. పచ్చరంగును విడగొట్టే పని వేరే ఎంజైములది. అంతా ఈ సంచులే చేస్తాయని చెప్పకూడదు.

వరి గింజలో చేరే నత్రజనిలో ఎక్కువ భాగము వెన్ను వేసిన తరువాత నేలనుండి కొత్తగా వచ్చినది కాదు. ముందే ఆకులలో, కాండములో చేరి వున్నది వెనుకకు తీసిందే. కోతకు ముందు చేను బంగారు రంగు తిరుగుతున్నదని మన తాతలు సంతోషించేవారు గదా. ఆ రంగు వెనుక ఈ బదిలీ జరుగుతున్నది. 2012 లో ఫ్రాన్సులో అరబిడాప్సిస్ మొక్కలకు గుర్తు పట్టదగిన బరువైన నత్రజనిని పెట్టి, అది ఆకునుండి గింజకు ఎంత చేరినదో కొలిచినారు. సంచులు కట్టలేని మొక్కలలో చాల తక్కువ చేరినది. 2015 లో మొక్కజొన్నలో ఇదే లోపము వున్న మొక్కలను పరీక్షిస్తే నత్రజని కరువుకు తట్టుకోలేకపోయినవి, గింజ తగ్గినది. వరిలో ఇంకొక సంగతి తెలిసినది. ఈ జన్యువు ఒకటి చెడిన వరిలో పుప్పొడి సరిగా పక్వము కాక, చేను చాలవరకు తాలు పోయినది. ఇది 2014 నాటి మాట. కనుక ఇది కరువు రోజుల ఉపాయము మాత్రమే కాదు. పూత రోజులలో కూడ మొక్కకు దీనితో పని వున్నది.

ఎరువు కొనే రైతుకు దీనిలో ఆశ వున్నది. పెట్టిన నత్రజనిని ఆకునుండి గింజకు బాగా బదిలీ చేసే వంగడము దొరికితే, అదే పంటకు తక్కువ ఎరువు చాలును. ఆ దిశగా పని సాగుతున్నది. రేపే సంచిలో విత్తనము వస్తుందని చెప్పడము మాత్రము తగదు.

ఎండ దెబ్బ తగిలినప్పుడు కూడ ఈ పని కనబడుతుంది. కోడిగ్రుడ్డు ఉడికితే తెల్లసొన గడ్డకట్టినట్లు, మితిమీరిన వేడికి కణములోని మాంసకృత్తులు రూపము చెడి ఉండలు కడతాయి. ఆ ఉండలకు కణము ఒక గుర్తు తగిలిస్తుంది. మా యార్డులో పనికిరాని వ్యాగను మీద సున్నముతో గుర్తు వేస్తారు, అట్లా. ఎన్‌బీఆర్ 1 అనే మాంసకృత్తు ఒక చేతితో ఆ గుర్తును, మరొక చేతితో సంచి పొరను పట్టుకొని సరుకును లోపలికి చేరుస్తుంది. అది లేని మొక్కలు వేడికి త్వరగా వాడిపోయినవి. కాబట్టి ఎదురుపడినదెల్లా తినడము కాదు, ఎంచి తీసుకొనడము కూడ వున్నది.

ఇంతకు, ఎప్పుడు మొదలుపెట్టవలెనో కణమునకు చెప్పేది ఎవరు? టార్ అనే ఒక ఎంజైము వున్నది. ఆహారము సమృద్ధిగా వున్నంతకాలము అది ఎర్రదీపము చూపి ఈ పనిని అణచి వుంచుతుంది. ఆహారము తగ్గితే దాని పట్టు సడలుతుంది, సంచులు కట్టే పని సాగుతుంది. శక్తి తగ్గినదని పసిగట్టే ఇంకొక ఎంజైము పచ్చదీపము ఎత్తుతుంది. కరువు తీరితే మళ్ళీ ఎర్రదీపము. ఏ దీపము ఎప్పుడు వెలగవలెనో ఆ ఏర్పాటు చెడితే రెండు విధములా నష్టమే. అవసరమైనప్పుడు జరగకపోతే మొక్క చస్తుంది. హద్దు లేకుండా జరిగితే కణము తన కాళ్ళు తానే నరుకుకొన్నట్లు అవుతుంది.

ఇప్పుడు మా నాన్నగారి ప్రశ్నకు వస్తాము. జపానాయన చెప్పినది అబద్ధము కాదు. మన కణములలో కూడ ఈ యంత్రాంగము వున్నది. ఆహారము తగ్గినప్పుడు అది చురుకు అవుతుందన్నదీ నిజమే. కాని ఆ సందేశము వ్రాసినవారు ఈస్టునుండి ఒక్క దూకులో మా నాన్నగారి మంచము దగ్గరకు వచ్చినారు. మధ్యలో ఎన్నో స్టేషనులు వదిలివేశారు. ఎన్ని గంటలు తినకపోతే మనిషి ఒంటిలో ఏ అవయవములో ఎంత జరుగుతుందో మామూలు ఆసుపత్రి పరీక్షతో కొలిచి చెప్పే వీలు లేదు. ఆటోఫజీ పేరు చెప్పి మూడు రోజులు అన్నము మానమనడానికి, దానితో చక్కెర వ్యాధి పోతుందనడానికి ఆ బహుమతి ఆధారము కానేకాదు.

ఇంకొక తేడా ఆసుపత్రిలోని డాక్టరుగారు విడమరచి చెప్పారు. మొక్క ఆకలితో వున్నప్పుడు దాని లోపలి సంకేతములన్నీ ఆ ఆకలికి తగినట్లు సర్దుకొంటాయి. మా నాన్నగారు వేసుకొన్న మాత్ర అట్లా సర్దుకొనదు. తిన్నారా లేదా అని అది అడగదు. తిన్నట్లే భావించి రక్తములో చక్కెర తగ్గిస్తూనే వుంటుంది. అందువల్ల ఆ ఉదయము మెదడుకు చాలినంత చక్కెర అందలేదు. కొడుకును గుర్తుపట్టలేకపోవడము అందువల్లనే.

మన ఇళ్ళలో ఏకాదశులు, శివరాత్రులు, శనివారాలు ఎన్నో వున్నవి. వాటిని మానమని చెప్పడానికి మేము ఎవరము? మా అమ్మ ఇప్పటికీ చేస్తున్నది. కాని చక్కెర మాత్రలు వాడే పెద్దలు, ఇన్సులిను తీసుకొనేవారు, గర్భిణీలు, ఉపవాసమునకు ముందు తమ డాక్టరును తప్పక అడగవలెనని రెండు చేతులు జోడించి మనవి చేస్తున్నాము. ఒంటరిగా వుండే ముసలివారి విషయములో ఇరుగుపొరుగువారము మనమే అడగవలెను. మన పిల్లలు ఉద్యోగములకు దూర ప్రాంతములకు పోతున్నారు. క్వార్టరులో భార్యాభర్తలిద్దరే మిగిలిన ఇళ్ళు మన కాలనీలో ఎన్ని వున్నవో మీకు తెలుసును. ఆ రోజు మా ఇంట మేము డ్యూటీకి పోయి వుంటే ఏమయ్యేదో తలుచుకోవడానికి కూడ భయముగా వున్నది.

ముగించేముందు ఇంకొక మనవి. ఈ రోజులలో మన వీధులలో ఊడ్చిన ఆకులకు సాయంత్రము నిప్పు పెడుతున్నారు. మేము కూడ పెట్టినవారమే. చెట్టు తనకు కావలసినది తీసుకొన్న తరువాత కూడ రాలిన ఆకులో నత్రజని కొంత మిగిలే వున్నది. సున్నము అంతా వున్నది. చెట్టు సగము పని చేసినది. మిగిలిన సగము మట్టిలోని పురుగులు, శిలీంధ్రములు చేస్తాయి. కాలిస్తే నత్రజని పొగలో పోతుంది, ఆయాసము వున్న పెద్దలకు దగ్గు మిగులుతుంది. సంఘము భవనము వెనుక ఖాళీ స్థలములో ఒక గొయ్యి తీసి ఆకులన్నీ అందులో వేద్దాము. వచ్చే ఉగాదికి మన పూలకుండీలకు ఎరువు కొనవలసిన పని వుండదు. గొయ్యి త్రవ్వడానికి వచ్చే ఆదివారము ఉదయము మేము పలుగుతో సిద్ధముగా వుంటాము. తోడు వచ్చేవారు ఇప్పుడే మాట ఇవ్వండి.

మా అమ్మాయికి ఇప్పుడు సమాధానము చెప్పగలము. అమ్మా, చెట్టు ఆకును పచ్చగా వుండగా పారవేయదు. దానిలోనిది విప్పి కొమ్మలో దాచుకొని, అప్పుడు వదులుతుంది. నీవు ఉదయము కోసి తెచ్చిన వేపపూతలో పోయినేటి ఆకు కొంత వున్నది.

 పులిహోర చల్లారుతున్నదని లోపలినుండి సైగ చేస్తున్నారు. కొత్త సంవత్సరములో మీ అందరి ఇళ్ళలో ఆరోగ్యము, సుఖము నిలువవలెనని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.